గాజుల వీధి వాల్వు, అణు పద్ధతి

మా గాజుల వీధికి నీళ్ళు ఆగిపోవడానికి కారణం అణువు. ఆ సంగతి మాకు మొదట తెలియదు. పైపు అనుకున్నాం.

పైపు పగిలిన మాట నిజమే. నీళ్ళ ఆఫీసు వాళ్ళు వచ్చి, వీధి మొదట్లో ఉన్న వాల్వు కట్టేసి, రోడ్డు తవ్వి, పైపు అతికించి, మన్ను పూడ్చి వెళ్ళారు. పని శుభ్రంగా చేశారు. కట్టిన వాల్వు మాత్రం మళ్ళీ తిప్పలేదు. తిప్పాలంటే డిప్యూటీ ఇంజనీరు గారి ఉత్తర్వు కావాలన్నారు. ఉత్తర్వే గదా, రేపో మాపో వస్తుందిలే అనుకున్నాం. సరిగ్గా అప్పుడే డిప్యూటీ ఇంజనీరు మార్కండేయులు గారు శిక్షణకు వెళ్ళి తిరిగొచ్చారు.

ఆ శిక్షణ పేరు ‘పరిపాలనలో శాస్త్రీయ దృక్పథం’. పెద్ద ఊళ్ళో ఏసీ హోటల్లో జరిగిందంట. అక్కడ సూటు వేసుకున్న ఒకాయన, సృష్టి మొత్తంలో బాగా నడిచే ఆఫీసు ఏదన్నా ఉందంటే అది అణువేనని చెప్పాడంట. అణువు సెలవు పెట్టదు. సమ్మె చెయ్యదు. సృష్టి మొదలైనప్పటి నుంచి దాని దగ్గర ఒక్క ఫైలు కూడా పెండింగులో లేదు. కాబట్టి ప్రతి ఆఫీసూ అణువు మాదిరిగా మారాలి. ముందు మారిన ఆఫీసుకు షీల్డు ఇస్తారు.

మార్కండేయులు గారు వస్తూ వస్తూ వాళ్ళమ్మాయి తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం చంకలో పెట్టుకుని ఆఫీసుకొచ్చారు. అందులో అణువు పాఠం ఉంది. పుస్తకంలో పరమాణువు అని ఉందంట గానీ, ఆఫీసులో అందరూ అణువనే అనేవారు. ఆ పాఠాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా అమలు చేస్తామని నోటీసు బోర్డు మీద పెట్టారు.

వీధి తరఫున ఆఫీసుకు నన్ను పంపారు. అంతకు ముందు వెళ్ళినవాళ్ళు పోట్లాడి వచ్చారు. నేనైతే నోరు తెరవను గనక పోట్లాట ఉండదని వాళ్ళ నమ్మకం. నాకు తోడుగా, నోరు తెరవడానికి నాంచారమ్మ వచ్చింది. బజారు మలుపులో ఇడ్లీ బండి ఆమెది. నీళ్ళు లేక బండి పొయ్యి ఆరిపోయింది. పక్కన మార్కెట్ వీధి కుళాయి దగ్గర నాలుగు బిందెలు పట్టుకొస్తుంటే అక్కడి ఆడవాళ్ళు మొహం మాడ్చుకుంటున్నారు. పిండికి చాలితే గిన్నెలకు చాలవు, గిన్నెలకు చాలితే పిండికి చాలవు. దీని మీద బజారు కాంట్రాక్టరు ఒక మాట అన్నాడు. బండి పెట్టని చోటు బండిది కాదంట. త్వరగా పొయ్యి వెలిగించకపోతే ఆ మలుపు మిరపకాయ బజ్జీల వాడికి ఇచ్చేస్తాడంట.

“ఒక్క తిప్పు తిప్పితే అయిపోయే పని మస్తానన్నా,” అంది దారిలో. “అణువూ గిణువూ అంటే ఏందో, నువ్వు బడికి పోయినోడివి గదా, చెప్పు.”

నేను మూడో తరగతిలోనే బడి మానేశాను. అణువు తొమ్మిదిలో వస్తుంది. ఆ మాటే చెప్పాను.

ఆఫీసుకు వెళ్ళేసరికి తలుపు మూసుంది. కిటికీలోంచి చూస్తే, లోపల సిబ్బంది అంతా ఒక్క గదిలో ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు. మధ్యలో మార్కండేయులు గారి తల కనపడుతోంది. తలుపు మీద కాగితం అంటించి ఉంది. నాంచారమ్మ చదవమంటే కూడబలుక్కుని చదివాను.

‘ఇందుమూలముగా సమస్త ప్రజానీకమునకు తెలియజేయునది ఏమనగా, డాల్టన్ దొరవారి సిద్ధాంతము ననుసరించి అణువు విభజింపరాని గట్టి ఉండ అయి ఉన్నందున, ఈ కార్యాలయము నేటి నుండి అవిభాజ్య కార్యాలయముగా ప్రకటించబడినది. సిబ్బందిలో ఏ ఒక్కరిని విడిగా పిలుచుట, విడిగా పంపుట, విడిగా తిట్టుట నిషిద్ధము.’

కిటికీ దగ్గరగా ఇరుక్కున్నవాడు ఏసోబు. మా వైపు వాల్వులన్నీ తిప్పేది అతనే.

“ఏసోబూ, మా వాల్వు తిప్పి పోరా నాయనా,” అంది నాంచారమ్మ.

“నేనొక్కణ్ణి రాకూడదు పిన్నీ. వస్తే అందరం రావాల. జీపు ఒకటే ఉంది, అందులో అందరం పట్టం. పొద్దున టీకి పోయొచ్చేసరికే పదకొండయింది. గుమ్మంలో ఇరుక్కుపోయినాం.”

సూపరింటెండెంటు వసుంధర గారు ఆ రద్దీలోనే పుస్తకం పేజీ తిప్పి, మెల్లిగా అన్నారు. “సార్, ఈ గట్టి ఉండ సంగతి తప్పని తర్వాతి పేజీలో రాసుందండి.”

“తర్వాతి పేజీ తర్వాత కదమ్మా,” అన్నారు మార్కండేయులు గారు. “ఒక మెట్టు వదిలేసి పై మెట్టు ఎక్కితే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. సైన్సే ఇన్ని తప్పుల మీదుగా నడిచొచ్చింది. మనం సైన్సు కన్నా గొప్పవాళ్ళమా?”

ఆవిడ పుస్తకం మూసేశారు.

డాల్టన్ దొర ఇంకో మాట కూడా అన్నాడంట. ఒక మూలకంలోని అణువులన్నీ ఒకే బరువుంటాయని. అందుకని బియ్యం కొట్టు నుంచి కాటా తెప్పించి సిబ్బందిని తూచారు. టైపిస్టు బొద్దుగా ఉంటాడు. ఏసోబు కట్టెపుల్ల. టైపిస్టుకు రాత్రిపూట ఉపవాసమూ, ఏసోబుకు రెండుపూటలా నేతి పెసరట్టూ మంజూరు చేస్తూ ఉత్తర్వులయ్యాయి. ఆ పద్ధతి పోయినప్పుడు ఆఫీసు మొత్తంలో దిగులుపడింది ఏసోబు ఒక్కడే.

మళ్ళీ వెళ్ళేసరికి రెండో పేజీ నడుస్తోంది. థామ్సన్ దొర పేజీ. అణువు పుచ్చకాయ లాంటిదంట. ఎర్ర గుజ్జు అంతటా పరుచుకుని ఉంటుంది. గింజలు దాంట్లో ఎక్కడివక్కడ గుచ్చుకుని ఉంటాయి. గుజ్జు అధికారి. గింజలు సిబ్బంది.

మార్కండేయులు గారి కుర్చీ తీసేశారు. ఆయన ఇప్పుడు ఒక చోట ఉండరు. అంతటా ఉంటారు. ప్రతి గోడకూ ఆయన పేరు బోర్డు, ప్రతి గదిలోనూ ఆయన గొంతు వచ్చే మైకు పెట్టారు. మనిషి మాత్రం కనపడలేదు. సిబ్బంది కుర్చీలకు అతుక్కుపోయి ఉన్నారు. ఏసోబును చెప్పుల స్టాండు పక్కన స్టూలు మీద గుచ్చారు.

“గింజని గదా పిన్నీ,” అన్నాడు ఏసోబు మమ్మల్ని చూడగానే. “కదిలితే గుజ్జు చెడిపోద్దంట.”

నాంచారమ్మ మైకు వైపు తిరిగి, “సారూ, మా వాల్వుకు ఒక సంతకం పెట్టండి, బండి పెట్టుకోవాల,” అంది.

“నేను పరుచుకుని ఉన్నానమ్మా,” అంది మైకు. “సంతకం పెట్టాలంటే ఒక చోటికి చేరాలి. ఒక చోట చేరితే మిగతా చోట్ల పలచబడతాను. అది పరిపాలనకు మంచిది కాదు.”

“పుచ్చకాయ అయినా కోస్తే తినడానికి పనికొస్తది సారూ.”

మైకు కాసేపు గరగరలాడింది. “మీ సూచన పరిశీలనకు తీసుకుంటున్నాం,” అని ఆగిపోయింది.

ఆ సాయంత్రం మార్కెట్ వీధి వాళ్ళు వాళ్ళ కుళాయికి గొలుసేసి తాళం పెట్టుకున్నారు. తప్పు వాళ్ళది కాదు. వాళ్ళకు వచ్చేదే సన్నధార. నాంచారమ్మ నానబెట్టిన పప్పు అట్లాగే పులిసి కంపు కొట్టింది. గేదెకు పెట్టింది.

మూడో పేజీకి మమ్మల్ని వాళ్ళే పిలిపించారు. ప్రయోగానికి ప్రజల సహకారం కావాలన్నారు. రూథర్‌ఫర్డ్ దొర పల్చటి బంగారు రేకు మీదికి సన్నని రేణువుల్ని వదిలి, ఏవి దూసుకుపోతాయో ఏవి తగిలి వెనక్కొస్తాయో చూశాడంట. బంగారు రేకుకు బదులు ఆఫీసు. రేణువులకు బదులు అర్జీదారులు.

ఆ రోజు ఊళ్ళో అర్జీ ఉన్న ప్రతివాణ్ణీ వరసలో నిలబెట్టి, ముందు తలుపులోంచి లోపలికి వదిలారు. ఒక్కొక్కరే లోపలికి పోతున్నారు, ఎవరికీ తగలకుండా, ఎవరూ ఆపకుండా, ఏ బల్ల దగ్గరా అర్జీ ఎవరూ తీసుకోకుండా, వెనక తలుపులోంచి తిన్నగా బయటికొస్తున్నారు. నేనూ అట్లాగే పోయాను, అట్లాగే వచ్చాను. చేతిలో అర్జీ చేతిలోనే ఉంది. ఒక ముసలాయన తెలియక మూడుసార్లు తిరిగాడు.

వెనక్కి వచ్చింది నాంచారమ్మ ఒక్కతే. ఆమె తిన్నగా మార్కండేయులు గారి గదికి పోయి, తలుపు తోసి, ముందు తలుపులోంచే విసురుగా బయటపడింది.

“ఏమైంది?” అన్నాను.

“బయటికి పో అన్నాడు.”

వసుంధర గారు అది రాసుకున్నారు. ఫలితాలు చూసి మార్కండేయులు గారికి కళ్ళు చెమ్మగిల్లాయి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వచ్చింది. ఆఫీసులో చాలా భాగం ఖాళీ. బరువంతా మధ్యలో ఒక చిన్న గట్టి ముద్దలో ఉంది. ఆ ముద్దకు తగిలినవాళ్ళు మాత్రమే వెనక్కొస్తారు.

వెంటనే ఆవరణ మధ్యలో ఉన్న పాత మోటారు గది ఖాళీ చేయించి, ఆయన అందులోకి మారారు. బరువంతా మధ్యలోనే ఉండాలి గనక ఇనప బీరువాలూ, ఫైళ్ళూ, రబ్బరు ముద్రలూ కూడా అందులోకే కూరారు. ఆయన బీరువాకూ బీరువాకూ మధ్య పక్కకు తిరిగి నిలబడేవారు. సిబ్బంది బయట ఆయన చుట్టూ తిరగాలి. ఏ పనీ చెయ్యనక్కర్లేదు, తిరిగితే చాలు.

ఎండ మండిపోతోంది. మేము గేటు దగ్గర నిలబడి చూస్తున్నాం. మొదట ప్రహరీ పక్కగా పెద్ద చుట్టు తిరిగారు. అలసట వచ్చేకొద్దీ దారి దగ్గర చేసుకున్నారు. చుట్టు చిన్నదైంది. ఇంకా అలిసేసరికి ఇంకా చిన్నదైంది. మధ్యాన్నానికి మోటారు గది గోడలు రాసుకుంటూ తిరుగుతున్నారు. నీడ పట్టున ఉన్నది ఆ గది ఒక్కటే. మూడు గంటలప్పుడు టైపిస్టు ముందు లోపలికి పడ్డాడు. అతని మీద అకౌంటెంటు. ఆ తర్వాత మిగతా అందరూ. బీరువాల వెనక నుంచి మార్కండేయులు గారి గొంతు సన్నగా వినపడింది.

“కంగారు పడకండి. ఇది కూడా పుస్తకంలో ఉంది.”

నిజమే, ఉందంట. తిరిగేవి శక్తి తగ్గి మధ్యలో పడిపోవాలి గదా అని ఆ రోజుల్లోనే ఎవరో అడిగారంట. పలుగుతో తలుపు పక్క ఇటుకలు పీకి జనాన్ని బయటికి తీశారు.

దాంతో నాలుగో పేజీ. బోర్ దొర. ఎవరూ ఇష్టమొచ్చిన దారిలో తిరగకూడదు. ముగ్గుపిండితో ఆవరణంతా గుండ్రంగా గీతలు గీశారు. మొదటి గీత మీద ఇద్దరు. రెండో గీత మీద ఎనిమిది మంది. మిగిలిన ఏసోబు మూడో గీత మీద ఒంటరిగా తిరుగుతున్నాడు. ఒక గీత మీంచి ఇంకో గీత మీదికి పోవాలంటే దూకాలి. మధ్యలో కాలు పడకూడదు. మధ్యలో కనపడ్డవాడికి ఆ రోజు ఆబ్సెంటు. లోపలి గీతకు దూకినప్పుడు వెలుగు రావాలంట. అందుకని అందరికీ టార్చిలైట్లిచ్చారు. వసుంధర గారు చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో, టార్చి ఒక చేత్తో పట్టుకుని గీత మీద నిలబడి ఉంటే, ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఆవిడ మొహంలో కనపడింది.

గేటుకు రెండు బారల దూరంలో ఏసోబు గీత ఉంది.

“ఇంకొక్క దూకు దూకరా,” అంది నాంచారమ్మ. “గేటు బయట పడతావు. వాల్వు దాకా నేను నడిపిస్తా.”

“శక్తి కావాల పిన్నీ. ఊరికే దూకకూడదు.”

ఆమె మోటారు గది కిటికీ దగ్గరికి పోయింది. “సారూ, ఏసోబుకు శక్తి కావాలంట. ఎవరియ్యాల?”

“శక్తి బయటి నుంచి రావాలమ్మా,” అన్నారు మార్కండేయులు గారు. “అదీ పొట్లాలుగా రావాలి. అర, పావు పనికిరాదు. నిండు పొట్లం.”

“పొట్లమంటే… ఉత్తచేతులతో రావొద్దనా సారూ?”

మార్కండేయులు గారికి కోపం వచ్చింది. “ఇది క్వాంటం. దీన్ని ఆ దృష్టితో చూసే మనస్తత్వం వల్లే దేశం ఇట్లా ఉంది,” అన్నారు. గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. “అయినా ఏసోబును గేటు దాటించలేను. పక్కన పారిశుధ్యం ఆఫీసు కూడా అణు పద్ధతిలోకి మారింది. వాళ్ళ బయటి గీత మీద ఒకడు తక్కువున్నాడు. మనవాడు గేటు బయట కనపడ్డాడంటే లాగేసుకుంటారు. లాగేసుకుని, బంధం ఏర్పడింది అంటారు.”

గోడ మీంచి చూస్తే నిజమే. పారిశుధ్యం వాళ్ళు నలుగురు తమ గేటు బయట కాచుకుని ఉన్నారు.

తిరిగొస్తుంటే బజారు మలుపులో నాంచారమ్మ ఆగిపోయింది. బజ్జీలవాడు ఆమె చోట్లో టేపు పెట్టి కొలుచుకుంటున్నాడు. ఆమెను చూసి, “రేపు సాయంత్రం నుంచి పెట్టుకోమన్నాడక్కా కాంట్రాక్టరు,” అన్నాడు తల వంచుకుని. నాంచారమ్మ నోరున్న మనిషి. ఆ రోజు ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇద్దరం మాట్లాడకుండా నడవడం అదే మొదలు.

తెల్లవారి మేము వెళ్ళేసరికి ముగ్గుగీతలు లేవు. చెరిపేసి, ఆవరణంతా సుద్దపొడి చల్లారు. పాఠం చివరి పేజీకి వచ్చింది. దాని ప్రకారం గీతలూ లేవు, దారులూ లేవు. ఉన్నదంతా మబ్బు. సిబ్బంది ఎవరు ఎక్కడున్నారని ఖాయంగా చెప్పడానికి వీల్లేదు. ఎక్కడుండే అవకాశం ఎంతో చెప్పవచ్చు, అంతే. మనిషి ఎక్కడున్నాడో తెలిస్తే ఎటు పోతున్నాడో తెలియదు. ఎటు పోతున్నాడో తెలిస్తే ఎక్కడున్నాడో తెలియదు. వెళ్ళి చూద్దామంటే, చూడటం వల్లే అతని పరిస్థితి చెడిపోతుంది.

ఈ పద్ధతికి శిక్షణ అవసరం పడలేదు. సిబ్బంది ఉత్తర్వు చదివిన గంటలోపే పూర్తిగా అమలు చేశారు. ఆవరణలో ఒక్కరు లేరు.

మార్కండేయులు గారు మాత్రం వరండాలో కూర్చుని ఉన్నారు. పాఠం అయిపోయిందన్న తృప్తి మొహంలో ఉంది.

“సారూ, ఏసోబు యాడున్నాడు?” అంది నాంచారమ్మ.

“ఇక్కడ ఉండే అవకాశం కొంత ఉంది. టీ కొట్టు దగ్గర ఎక్కువ ఉంది. వాళ్ళ అత్తగారి ఊళ్ళో కూడా కొంత ఉంది.”

నాంచారమ్మ మెట్టు మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఇక ఏడుస్తుందనుకున్నాను. తల ఎత్తి అడిగింది.

“మా గాజుల వీధి వాల్వు దగ్గర ఉండే అవకాశం ఉందా సారూ?”

“ఎందుకు లేదు? తక్కువే కావచ్చు. సున్నా అనడానికి మాత్రం సైన్సు ఒప్పుకోదు.”

“ఈ నిమిషంలో వాల్వు తిప్పుతా ఉండే అవకాశం?”

“అదీ ఉంది.”

“కాదు, తిప్పట్లేదు అని ఎవరన్నా అంటే?”

“ఎట్లా అంటారమ్మా? అనాలంటే చూడాలి. చూడకూడదని ఉత్తర్వు ఉంది.”

“తిప్పాలంటే వాల్వులో పెట్టి తిప్పే ఇనప తాళం కావాల గదా. అది యాడుంది?”

“వాల్వు తాళం ఎప్పుడూ వాల్వు ఆపరేటరు చేతిలోనే ఉండాలి. నిబంధన.”

నాంచారమ్మ తలుపు వెనక్కి చూసింది. నేనూ చూశాను. మనిషి నడుమెత్తు ఇనప తాళం, పైన అడ్డ పిడితో, గోడకు ఆనించి ఉంది.

“మరి తలుపు వెనకున్నది ఏంది సారూ?”

మార్కండేయులు గారు తిరిగి చూశారు. చాలాసేపు చూశారు. అది అక్కడుందంటే ఏసోబు చేతిలో లేనట్టు. ఏసోబు చేతిలో లేదంటే నిబంధన తప్పినట్టు. “అక్కడేమీ లేదమ్మా,” అన్నారు.

“అన్నా, అక్కడ లేనిదాన్ని తీసుకో,” అంది నాంచారమ్మ నాతో.

తీసుకుని భుజాన పెట్టుకున్నాను. లేనిదానికి బాగా బరువుంది. మార్కండేయులు గారు పుస్తకంలో ముఖం పెట్టుకున్నారు.

వీధి మొదట్లో వాల్వు గుంత మూత తీసేసరికి జనం చేరారు. ఆడవాళ్ళు, పిల్లలు, బిందెలు. నాంచారమ్మ గుంత గట్టు మీద నిలబడి చెప్పింది. “ఏసోబు వాల్వు తిప్పుతున్నాడు. ఎవరూ చూడకూడదంట, గవర్నమెంటు ఆర్డరు. అందరూ అటు తిరగండి.”

ఎవరూ ఎందుకని అడగలేదు. గాజుల వీధి మొత్తం వాల్వుకు వీపు పెట్టి నిలబడింది. చంటిపిల్లల్ని కూడా అటు తిప్పి ఎత్తుకున్నారు. ఒక పిల్ల తల తిప్పబోతే వాళ్ళ నాయనమ్మ గడ్డం పట్టుకుని ముందుకు తిప్పింది.

తాళం గుంతలోకి దించి, అడ్డ పిడికి ఒక పక్క నేను, ఒక పక్క నాంచారమ్మ పట్టాం. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మొదట కదల్లేదు. ఆమె పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. ఉత్తర్వు మాక్కూడా వర్తిస్తుంది గదా. కిర్రుమని కదిలింది. భూమిలోపల ఏదో పొర్లినట్టయింది. అందరూ వీపులతోనే విన్నారు. తర్వాత చివరింటి కుళాయి గాలి కక్కింది, ఎర్రనీళ్ళు కక్కింది, తెల్లనీళ్ళు వచ్చాయి. వీపులు ఒక్కసారి చెదిరిపోయాయి.

ఆ సాయంత్రం బజ్జీలవాడు వచ్చేసరికి మలుపులో నాంచారమ్మ పొయ్యి వెలుగుతోంది. పిండి లేదు. ఉత్త నీళ్ళు కాగబెడుతోంది. పొయ్యి వెలగాలన్నాడు గానీ ఇడ్లీలుండాలని కాంట్రాక్టరు అనలేదు. బజ్జీలవాడు ఆవిరి చూసి, “పోనీలే అక్కా,” అని బండి తోసుకుని వెళ్ళాడు.

తర్వాత సూటు ఆయన షీల్డుతో వచ్చాడు. గాజుల వీధికి వచ్చి కుళాయి తిప్పి చూశాడు. ఒక్క ఉద్యోగి గేటు దాటినట్టు సాక్ష్యం లేకుండా, ఒక్క సంతకం లేకుండా, వాల్వు తెరుచుకుంది. ఎవరన్నా చూశారా అని ఇంటింటికీ అడిగాడు. ఎవరూ చూడలేదని అందరూ నిజమే చెప్పారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. గోడకు కన్నం లేకుండానే గోడ దాటిపోయే లక్షణం అణువు లోపలి వాటికి ఉందని చదివాడంట గానీ, ప్రభుత్వ ఉద్యోగిలో చూడటం ఇదే మొదటిసారంట. ఫైరింజను వాళ్ళకూ, ఆసుపత్రికీ ఈ పద్ధతి వెంటనే పెట్టించాలని అక్కడికక్కడే ఫోను చేశాడు. మార్కండేయులు గారు షీల్డు పట్టుకుని ఫొటో దిగారు. ఏసోబుకు శాలువా కప్పుదామని చూశారు గానీ, ఎక్కడున్నాడో తెలియలేదు.

ఆ మర్నాడు పొద్దున ఏసోబు తనంతట తనే ఇడ్లీ బండి దగ్గరికొచ్చాడు. నేనూ అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఒక ప్లేటు తిన్నాడు. చట్నీ మళ్ళీ వేయించుకున్నాడు. మెల్లిగా అడిగాడు.

“పిన్నీ, మీ వాల్వు తిప్పింది ఎవరు?”

“నువ్వే,” అంది నాంచారమ్మ, ఇడ్లీ రేకులు దించుతూ.

ఏసోబు చేతులు ముందు పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“అదే అనుకున్నా,” అన్నాడు. “ఆ రోజు నుంచి భుజం ఒకటే సలుపు.”

నాకూ సలుపుగానే ఉంది.